రత్నమ్మక్క మళ్ళీ తగిలించిన ఫోటో

ఇవాళ పొద్దున బెంగళూరు మహదేవపురలో ఒక ఫ్లాటు చూపించడానికి వెళ్ళి, అలవాటు ప్రకారం ముందుగా వంటింట్లో ఫిల్టరులో డికాక్షన్ వేశాను. ఆ వాసన హాల్లోకి వచ్చేసరికి రత్నమ్మక్క గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. కాడుగోడిలో ఇళ్ళ బ్రోకరు ఆవిడ. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, గుంటూరు నుంచి డిగ్రీ పట్టాతో వచ్చి ఉద్యోగం దొరక్క తిరుగుతున్న నన్ను పనిలో పెట్టుకుంది.

కొనేవాళ్ళు వచ్చే ముందు ఇంటిని సిద్ధం చేయడం ఆవిడకొక వ్రతం. దండెం మీద బట్టలు తీయించేది, గడప కడిగించి ముగ్గు వేయించేది, కిటికీలు బార్లా తెరిపించేది. "గోడలు ఎవురు చూస్తారు పాపా? ఈ ఇంట్లో మనం బతకగలమా అని చూసుకుంటారు. కాఫీ వాసనొస్తే సగం ఇల్లు అమ్ముడుపోయినట్లే" అనేది. వచ్చినవాళ్ళు మొహమాటానికి వద్దనేవాళ్ళు కనుక ఆ కాఫీ చివరికి మేమే తాగేవాళ్ళం.

నాకు ఒక్కదానికే అప్పగించిన మొదటి ఇల్లు టైలర్ నారాయణప్పగారిది. మేడ మీది ఇల్లు. మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కలేక, అది అమ్మేసి కింద ఎక్కడైనా చిన్న ఇల్లు కొనుక్కోవాలని ఆయన ఆశ. గడప నుంచి అటక దాకా అద్దంలా మెరిపించాను. హాల్లో చనిపోయిన ఆయన భార్య ఫోటో, దానికి పూలదండ. కొనేవాళ్ళు జంకుతారేమోనని, ఆయన పాల కోసం వెళ్ళినప్పుడు దాన్ని తీసి బీరువాలో పెట్టి, ఆ మేకుకు క్యాలెండర్ తగిలించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రత్నమ్మక్కతో వచ్చిన దంపతులకు ఇల్లు నచ్చింది. ఇంతలో నారాయణప్పగారు ఒక చేతిలో పాలు, ఇంకో చేతిలో మూరెడు మల్లెపూలతో వచ్చారు. రోజూలాగే గోడ దగ్గరికి వెళ్ళి, క్యాలెండర్ ముందు ఆగిపోయారు. పూలు ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఫోటో ఏడుండాది పాపా?" అంది అక్క. తెచ్చిచ్చాను. కొంగుతో తుడిచి, తానే మేకుకు తగిలించి, దంపతుల వైపు తిరిగింది. "ఈయమ్మ ఇరవై ఏండ్లు ఈ ఇంట్లో వండి పెట్టింది. అమ్మేదంకా ఈ ఇల్లు ఈయమ్మదే."

వాళ్ళు మొహమొహాలు చూసుకుని, కబురు చేస్తామని వెళ్ళిపోయారు. కబురు రాలేదు.

"నావల్లే బేరం పోయిందక్కా" అని ఏడ్చాను.

"బేరం పోతే పోనీలే. ఆయప్పను ఒక్క మాట అడిగింటే ఆయప్పే తీసిచ్చేవాడేమో. అడక్కపోతివే!"

ఆ తర్వాత నాలుగు నెలలు ఆయన మూలుగుతూ ఆ మెట్లు ఎక్కడం నేను చూస్తూనే ఉన్నాను. చివరికి ఒక స్కూలు టీచరమ్మ వచ్చి, ఫోటో ముందు నిలబడి ఆవిడ పేరేమిటని అడిగి, ఇల్లు తీసుకుంది. ఖాళీ చేసే రోజున నారాయణప్పగారు నన్ను పిలిచి, "ఫోటో నువ్వే తియ్యి పాపా, నాకు అందదు" అన్నారు. రోజూ పూలు పెట్టే మనిషికి అందకపోవడమేమిటి! రెండు చేతులతో పట్టుకుని కిందికి దించాను.

రత్నమ్మక్క పోయి ఐదేళ్ళయింది. ఆవిడ ఫోటో మా ఆఫీసులో నా కుర్చీ వెనకే ఉంటుంది. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి, "మేడమ్, కస్టమర్లకి ఫస్ట్ కనిపించేది ఆ ఫోటోనే. తీసేద్దామా?" అంది. వద్దన్నాను గానీ కోపం రాలేదు. ఆ పిల్ల అడిగింది కదా.