క్లచ్ మీద కాలు ఎవరిది?

పొద్దున జహీరాబాద్ నుంచి కోహీర్‌లో డ్యూటీకి బయలుదేరితే కారు దారిలోనే మొరాయించింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తోంది గానీ బండి వేగం అందుకోవడం లేదు. ఎలాగో వెనక్కి తిప్పుకొచ్చి, మెకానిక్ షెడ్డు దగ్గరికి మా ఆయనను పిలిచాను.

మెకానిక్ నడిపి చూసి, క్లచ్ ప్లేటు అరిగి జారుతోందన్నాడు. చెప్పింది నాకు కాదు, ఆయనకు.

"అక్క నడుపుతదా అన్నా? ఆడోళ్లు క్లచ్ మీదికెళ్లి కాలు తియ్యరు. గందుకే ఖరాబైతది."

మా ఆయన తలూపి, "రేపటి సంది బస్సుల పో" అన్నాడు నాతో.

సాయంత్రానికి కొత్త ప్లేటు పడింది. చిరాగ్‌పల్లి దాకా నడిపి చూద్దామని ఆయన స్టీరింగ్ పట్టాడు. పక్కన మెకానిక్, వెనక నేను. గేరు మార్చడం అయిపోయినా ఆయన ఎడమ కాలు క్లచ్ మీదే ఉంది.

"తమ్మీ, అన్న కాలు ఏడున్నదో జర చూడు" అన్నాను.

చూశాడు. "అది అన్నకు అలవాటక్కా" అన్నాడు.

నేను చేస్తే ఖరాబు, ఆయన చేస్తే అలవాటు. మీ ఇళ్లలోనూ ఇంతేనా, చెప్పండి.

అక్కడే బండి ఆపించి, ఇద్దరినీ కూర్చోబెట్టుకుని జహీరాబాద్ దాకా నేనే నడిపాను. రేపు కోహీర్‌కు కూడా కారులోనే పోతాను.