కూర్చోని డెరెక్‌కి ఒకటో నంబరు చోటు

డెరెక్ ఎంట్విజిల్ కూర్చోడు. మోకాళ్ళు వంగుతాయి, నడుం వంగుతుంది, కుర్చీలతో పాత కక్షలేవీ లేవు. అయినా సరే, తొమ్మిదేళ్ళపాటు మా హాజల్‌డీన్ ఊళ్ళో ఆయన కూర్చోగా చూసినవాళ్ళు లేరు. ఈ మాట నాకంటే గట్టిగా ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే ఆ తొమ్మిదేళ్ళూ ఆయన్ని కూర్చోబెట్టడమే నా ఉద్యోగం.

నా పేరు డెనీస్. హాజల్‌డీన్ టౌన్ ఫుట్‌బాల్ మైదానంలో తూర్పు గ్యాలరీకి కాపలా నాది. పసుపుపచ్చ కోటు తొడుక్కుని, ఆటకి వీపు తిప్పి, జనం వైపు చూస్తూ నిలబడాలి. మా జట్టు ఆట ఎరిగినవాళ్ళు నన్ను అదృష్టవంతురాలంటారు. ఇరవై ఏళ్ళలో ఒక్క గోలూ సరిగ్గా చూడలేదు నేను. గోల్ పడిందని జనం ముఖాల్లోనే తెలుసుకుంటాను.

మా చిన్నప్పుడు మైదానాల్లో సీట్లు తక్కువ. సిమెంటు మెట్లమీద ఒకరి భుజం ఒకరికి ఆనించి నిలబడే చూసేవాళ్ళం. తరవాత ఒక పెద్ద మైదానంలో జనం కంచెకి నలిగి చనిపోయారు. ఆ సంగతి మీద మా దగ్గర ఎవరూ నవ్వులాడరు, నేనూ ఆడను. ఆ మీదట పెద్ద క్లబ్బులన్నీ మెట్లు తీసేసి సీట్లు వేయాలని చట్టం వచ్చింది. మావాళ్ళూ వేశారు. జనం ఏం చేశారంటే, సీటుకి డబ్బు కట్టి దాని ముందు నిలబడ్డారు.

తూర్పు గ్యాలరీలో పదమూడు వరసల కుర్రకారు ఆట మొదలైనప్పుడు లేస్తే ఆట అయ్యేదాకా కూర్చోరు. అంతమందిని కూర్చోబెట్టడం నా తరమా? ఆ సంగతి మా అధికారులకీ తెలుసు. అందుకని పద్నాలుగో వరసలో, అన్నిటికన్నా చివర, గోడకి ఆనుకుని నిలబడే ముసలాయన్ని ఒక్కణ్ణి కూర్చోబెట్టమన్నారు. ఒక్కడేగా అని వాళ్ళ ధైర్యం. ఆ ఒక్కడూ డెరెక్.

"డెరెక్‌గారూ, కూర్చోవాలండీ."

"ఎందుకమ్మాయీ?" నాకు యాభై దాటినా ఆయనకి నేను అమ్మాయినే.

"వెనకవాళ్ళకి అడ్డమండీ."

"నా వెనక గోడ ఉంది. గోడేమైనా ఫిర్యాదు చేసిందా?"

గోడ ఫిర్యాదు చెయ్యలేదు. నేను వెనక్కి వచ్చేసేదాన్ని. పదిహేను రోజులకి మళ్ళీ మా ఊళ్ళో ఆట, మళ్ళీ ఇదే సంభాషణ, ఇదే గోడ.

పోనీ నిలబడి ఊరుకుంటాడా అంటే, అదీ లేదు. జరుగుతున్నదంతా గొంతెత్తి చెప్తాడు. "బంతి కుడివైపుకొచ్చింది. మన బట్టతలవాడి దగ్గరుంది. ఇస్తున్నాడు, ఇచ్చాడు, అయ్యో, వాళ్ళకిచ్చాడు!" ఆటంతా ఇదే వరస. ముందు వరసలవాళ్ళు తిరిగి, మాకూ కళ్ళున్నాయి డెరెక్, అని విసుక్కునేవారు. ఉంటే మంచిదే అని ఆయన మళ్ళీ అందుకునేవాడు.

ఆయన పక్క సీటు బెర్నార్డ్ క్రాంప్టన్‌ది. ముప్ఫయ్యొక్క ఏళ్ళు తొమ్మిదో నంబరు బస్సు నడిపిన మనిషి. సీట్లు వేసిన రోజు నుంచీ ఆ రెండు సీట్లూ ఆ ఇద్దరివే. డెరెక్ ఎంత కూర్చోడో బెర్నార్డ్ అంత లేవడు. గోల్ పడినా లేవడు. అదేమని అడిగితే, ఈ ఆటకి లేచి నిలబడ్డం కూడానా, లేచేంత గోల్ పడితే అప్పుడు చూద్దాం అనేవాడు. పైగా అందరి ముఖాలూ ఒక్కసారే వెలిగితే ఈయన ముఖం ఒక్క క్షణం ఆగి వెలిగేది. పాపం, మనిషి కాస్త నిదానం అనుకునేదాన్ని.

మైదానంలో మొదలైన ఈ పిచ్చి ఊళ్ళోకీ వచ్చింది. ఖాళీగా ఉన్న తొమ్మిదో నంబరు బస్సులో కూడా డెరెక్ పైకమ్మీ పట్టుకుని వేలాడేవాడు. బారులో డామినోలు నిలబడి ఆడేవాడు. పైనుంచి అందరి ముక్కలూ కనిపిస్తున్నాయని గొడవైతే ఆటలోంచి తీసేసి మధ్యవర్తిగా పెట్టారు. పన్ను పీకించుకోవడానికి వెళ్ళి కుర్చీ వద్దన్నాడు. డాక్టరు స్టూలెక్కి పీకాడు.

మా అమ్మాయి పెళ్ళివిందులో కూడా ఆయన గోడ పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. మా వియ్యంకుడు ఆయన్ని వడ్డించేవాడనుకుని, కాస్త గ్రేవీ తెమ్మన్నాడు. డెరెక్ తెచ్చి పోశాడు. ఇంకో రెండు బల్లలవాళ్ళూ అడిగితే వాళ్ళకీ పోశాడు. ఎందుకండీ ఈ బాధ, కూర్చోరాదా అంటే ఒకటే జవాబు.

"సిద్ధాంతం అమ్మాయీ. నిలబడే హక్కు మనకిచ్చేదాకా కూర్చునేది లేదు."

సిద్ధాంతమున్న మనిషితో వాదించకూడదని మా అమ్మ చెప్పేది. నేను వాదించలేదు.

ఇలా ఎన్నేళ్ళయినా సాగేదే గానీ, పెండిల్‌బరీ అని కొత్త భద్రతాధికారి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి. సీటు ముందు నిలబడి దొరికితే కాగితం మీద హెచ్చరిక రాయాలి, మూడో హెచ్చరికతో ఏడాది పొడుగునా ఆటలు చూసే సీజన్ కార్డు శాశ్వతంగా రద్దు. ఇదీ ఆయన పెట్టిన నియమం. పదమూడు వరసల కుర్రకారు జోలికి మాత్రం ఆయనా పోలేదు. క్రిస్మస్‌లోపే డెరెక్‌కి రెండు వచ్చాయి. రెండూ పెండిల్‌బరీ పక్కన నిలబడి నా చేత్తో రాయించాడు. డెరెక్ వాటిని మడిచి జేబులో పెట్టుకుని, నీ దస్తూరీ బావుందమ్మాయీ అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

"ఇంకొక్కటి రాస్తే మిమ్మల్ని జన్మలో లోపలికి రానివ్వరు. సీజన్ అయ్యేదాకా ఈ నాలుగు నెలలు కూర్చోండి, మీకు దణ్ణం పెడతాను" అన్నాను.

"అదొక్కటి అడక్కు" అన్నాడు. ఎప్పుడూ ఎగతాళిగా ఉండే మనిషి, ఆ మాట మాత్రం మెల్లిగా అన్నాడు.

ఇంక నేనే ఏదో ఒకటి చెయ్యాలి. బూటు లేసులు కట్టుకోవడం మొదలుపెట్టాను. పెండిల్‌బరీ తూర్పు వైపు చూస్తే చాలు, నేను వంగేదాన్ని. వంగిన మనిషికి పద్నాలుగో వరస కనపడదు, కనపడనిది రాయడం కుదరదు. మార్చి వచ్చేసరికి నాకు నడుం నొప్పి పట్టుకుంది. నీకు కొత్త బూట్లు కొనిపెడతానని మా ఆయన మొత్తుకున్నాడు.

ఈలోగా ప్రభుత్వం దారి తెరిచింది. ప్రతి వరసకీ నడుమెత్తు ఇనుప కమ్మీ బిగించి, మనిషికొక చోటు లెక్కన, నిలబడి చూసే గ్యాలరీ పెట్టుకోవచ్చు. కమ్మీ అడ్డుండబట్టి వెనకవాళ్ళు తోసినా ముందువాళ్ళు పడరు, నలగరు. కాకపోతే ఊరి భద్రతా కమిటీ ఒప్పుకోవాలి. డెరెక్ నాలుగు వేల సంతకాలు పోగుచేశాడు, అన్నీ నిలబడే. కమిటీ పిలిచిన రోజున నన్ను సాక్ష్యానికి తీసుకెళ్ళాడు. వస్తూ వస్తూ ఇంట్లో మెట్ల పక్కనుండే చెక్క కమ్మీని రంపంతో కోసి చంకన పెట్టుకొచ్చాడు. వాళ్ళావిడ జాయిస్ ఆ తరవాత వారం రోజులు గోడని కావలించుకుని మేడెక్కిందిట.

అధ్యక్షురాలు మిసెస్ హేవర్‌ఫోర్డ్ మైకు చూపించి కూర్చుని మాట్లాడమంది. క్షమించాలండీ అన్నాడు. కూర్చోకపోతే మైకు అందదంది. డెరెక్ గొంతుకి మైకెందుకు? మొదటి మాటకే కిటికీ అద్దాలు గలగలమన్నాయి. కమ్మీకి ఒక కొన ఆయన పట్టుకుని రెండోది నాకిచ్చాడు. కమ్మీకి ముందువైపు, క్లబ్బు తరఫున వచ్చిన పెండిల్‌బరీని నిలబెట్టి, వెనక బాగా బరువైన అగ్నిమాపక అధికారిని నిలబెట్టి, మీ ఇష్టమొచ్చినంత తొయ్యండి సార్ అన్నాడు. ఆయన తోశాడు. తోపంతా కమ్మీ మీద పడింది, నా భుజాలు ఊడొచ్చినంత పనైంది గానీ పెండిల్‌బరీ చెక్కుచెదరలేదు. చెదిరితే బావుండునని ఒక్క క్షణం అనిపించిన మాట వాస్తవం.

మిసెస్ హేవర్‌ఫోర్డ్ కళ్ళద్దాలు తీసి అడిగింది. "మీరు నిలబడేవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు మిస్టర్ ఎంట్విజిల్. నిలబడలేనివాళ్ళ మాటేమిటి?"

కిటికీలు కదిలించిన గొంతు ఉన్నట్టుండి దిగిపోయింది. "నిలబడేవాళ్ళంతా ఒకచోటికి పోతే, కూర్చునేవాళ్ళ ముందు ఎవడి వీపూ ఉండదండీ" అన్నాడు. వినపడలేదు, మళ్ళీ చెప్పమంటే మళ్ళీ అంతే మెల్లిగా చెప్పాడు. అరిచి అరిచి అలిసిపోయాడనుకున్నాను.

మూడు వారాలకి కమిటీ ఒప్పుకుంది. వేసవిలో ఉత్తరం గోలు వెనక ఎనిమిది వందల మందికి కమ్మీలు బిగించారు. నా లేసుల పుణ్యమా అని మూడో హెచ్చరిక కాగితం నా పుస్తకంలోనే ఉండిపోయింది. ముందు వరసలో మొదటి చోటుకి తెల్లరంగుతో ఒకటో నంబరు వేసి, అది డెరెక్‌దని ప్రకటించారు. ఆగస్టులో మొదటి మ్యాచ్‌కి ఫొటోలవాళ్ళొచ్చారు, క్లబ్బు అధ్యక్షుడు దండతో సిద్ధంగా ఉన్నాడు. కుర్రకారంతా అటు వెళ్ళిపోయి ఉత్తరం వైపు కిక్కిరిసింది. ఒకటో నంబరు చోటు మాత్రం ఖాళీ.

ఆట మొదలైపోయింది. వెళ్ళి వెతుక్కురమ్మని పెండిల్‌బరీ నన్ను తరిమాడు. ఎక్కడని వెతకను? కాళ్ళు అలవాటు కొద్దీ తూర్పు గ్యాలరీకే తీసుకెళ్ళాయి.

పద్నాలుగో వరసలో, బెర్నార్డ్ పక్కన, డెరెక్ ఎంట్విజిల్ కూర్చుని ఉన్నాడు. మామూలుగా కాదు, బూట్లు విప్పి, ముందు సీటు మీద కాళ్ళు చాపుకుని, కళ్ళు సగం మూసి.

 నా నోట వచ్చిన మాట తొమ్మిదేళ్ళలో ఎన్నడూ అననిది.

"డెరెక్‌గారూ, లేవాలండీ."

"లేవను."

"అక్కడ దండ పట్టుకుని చూస్తున్నారండీ మీకోసం."

"నిలబడే హక్కు కావాలన్నాను, వచ్చింది. ఇంక కూర్చుంటే ఎవరికేం నష్టం?"

బెర్నార్డ్ నా వైపు తల కూడా తిప్పలేదు. "వీడికి మతి పోయిందమ్మా, పొద్దున్నుంచీ కూర్చునే ఉన్నాడు. కాస్త పక్కకి జరుగు, అడ్డమొస్తున్నావు" అన్నాడు.

అడ్డమొస్తున్నానని ఆయన నాతో అనడం అదే మొదటిసారి. జరిగి, వెనక్కి తిరిగి చూశాను. పదమూడు వరసలు ఖాళీగా, పచ్చిక దాకా ఒక్క వీపు కూడా లేకుండా ఉన్నాయి. ఈ తొమ్మిదేళ్ళూ ఆ సీట్లోంచి బెర్నార్డ్‌కి కనిపించినవి కుర్రాళ్ళ కోట్లు. అంతే.

ఆట సగమయ్యాక, మాంసం కూరిన రొట్టె కోసం వరసలో నిలబడ్డ డెరెక్‌ని గోడ వారకి లాగాను. సంగతేమిటని అడిగితే దాచలేదు. బెర్నార్డ్‌కి తొమ్మిదేళ్ళ కిందటే తుంటి ఎముక అరిగిపోయింది, రెండు నిమిషాలు కూడా నిలబడలేడు. నిలబడలేనివాళ్ళకి పడమట వేరే చోటుంది, కానీ దానికి తుంటి పోయిందని దరఖాస్తులో రాయాలి. బస్సు నడిపిన చేత్తో అది రాయనంటాడు బెర్నార్డ్.

"ఆయనకి తెలుసా, మీరు చెప్పేదంతా ఆయన కోసమేనని?"

"వాడికొక్కడికే చెప్తే తెలిసిపోదూ? అందుకేగా ఊరంతటికీ చెప్పింది. తెలిస్తే మర్నాడే మానేసి ఇంట్లో రేడియో పెట్టుక్కూర్చునేవాడు."

"మరి మా అమ్మాయి పెళ్ళిలో నిలబడ్డం దేనికి?"

"బెర్నార్డ్ వచ్చాడుగా."

"పళ్ళ డాక్టరు దగ్గర?"

"ఆయన బెర్నార్డ్ అల్లుడు."

"తొమ్మిదో నంబరు బస్సులో?"

"ఆ డ్రైవర్లందరికీ బండి నేర్పింది వాడే. నేను కూర్చున్నానని ఒక్కడు నోరు జారితే నా సిద్ధాంతం గంగలో కలిసిపోదూ?" అని, బూట్లు లేని కాళ్ళు ఒకదాని మీద ఒకటి రుద్దుకున్నాడు. "నిజం చెప్పనా అమ్మాయీ? నిలబడ్డమంటే నాకు చచ్చేంత చిరాకు. పాదాల్లో ఆనెలు. ఇంట్లో సోఫా దిగను, కావాలంటే జాయిస్‌ని అడుగు."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నవ్వే గెలిచింది. ఆయన రొట్టెకి డబ్బు నేనిచ్చాను.

తరవాత సగంలో నా చోటుకొచ్చి, ఆటకి వీపు తిప్పి, జనం వైపు నిలబడ్డాను. పెండిల్‌బరీ మెట్ల పక్కనుంచి నన్నే చూస్తున్నాడు. ఆఖరి నిమిషాల్లో నా వెనక, ఆటలో, ఏదో కదిలింది. డెరెక్ అలవాటుగా నోరు తెరిచాడు. "బంతి కుడివైపుకొచ్చింది, మన బట్టతలవాడు..."

"నాకు కనపడుతోందిరా, నోరు ముయ్యి" అన్నాడు బెర్నార్డ్.

డెరెక్ నోరు మూసుకున్నాడు. ఆ మరుక్షణం చివరి వరసలో మిగిలినవాళ్ళ ముఖాలన్నీ ఒక్కసారి వెలిగాయి. బెర్నార్డ్ ముఖం అందరికన్నా ముందే వెలిగింది. ఒక చేత్తో ముందు సీటూ ఇంకో చేత్తో డెరెక్ నెత్తీ పట్టుకుని, వణుక్కుంటూ, మూలుక్కుంటూ, బెర్నార్డ్ క్రాంప్టన్ లేచి నిలబడ్డాడు.

పెండిల్‌బరీ పద్నాలుగో వరస వైపు వేలు చూపిస్తూ నన్ను కేకేశాడు. నేను వంగి లేసు కట్టుకున్నాను.