రాజుగారి గడ్డం కింద గీత

మిషనమ్మ ఎవరినీ నమ్మదు. కుట్టడానికి గుడ్డ తెచ్చినవాళ్లు గుమ్మం దాటకముందే, దాని లోపలి అంచున ఎర్రదారంతో చిన్న ముడి వేసేస్తుంది. "ఇది మా గుడ్డ కాదు, మార్చేశావు" అని ఎవరైనా నోరు పారేసుకుంటే ఆ ముడి చూపించి నోరు మూయిస్తుంది.

ఈమధ్య ఆమె మోకాళ్లు మొరాయిస్తున్నాయి. తొక్కుడు మిషను ఇక తన వల్ల కాదు. మోటారు మిషను కొనలేకపోతే పని మానుకుని కోడలి చేతికింద కూర్చోవాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకు ఒళ్లు మండుతుంది.

అలాంటి సమయంలో, తల్లి వదిలిపోయిన గుండీల డబ్బా అడుగున ఒక నాణెం దొరికింది. మందంగా, నల్లగా, ఒకవైపు కిరీటం పెట్టుకున్న రాజు తల. కోడలు ఫోన్లో వెతికి, "అత్తయ్యా, పాత నాణేలు కొనే కొట్టు ఒకటుంది, రేపు చూపిద్దాం" అంది.

దీనికెందుకింత హుషారు? కొట్టువాడు దీని పుట్టింటి తాలూకు మనిషేమో! చూసిస్తానని పట్టుకెళ్లి, ఇలాంటిదే ఇంకొకటి చేతిలో పెడితే? మిషనమ్మ ఆ సాయంత్రం తలుపు గడియ పెట్టుకుని, కత్తెర మొనతో రాజుగారి గడ్డం కింద లోతుగా గీత గీసింది. ఇక ఎవడు మారుస్తాడో చూస్తాను అనుకుంది.

కొట్టు ఇరుకు గది. అద్దాల బల్ల వెనక బట్టతల వ్యాపారి నాణేన్ని అంచులు మాత్రమే పట్టుకుని తీసుకున్నాడు.

"ఇక్కడే చూడు నాయనా. లోపలికి పట్టుకెళ్లకు."

"లోపలేముందమ్మా, నా అన్నం క్యారేజీ తప్ప."

తూచాడు. భూతద్దం కింద పెట్టాడు. ముఖం వెలిగింది. "అక్షరాలు అరగలేదు. కిరీటంలో ముత్యాలు కూడా లెక్కపెట్టొచ్చు. దీని మీదున్న ఏడాదివి దొరకడమే కష్టం..." అంటూ ఆగిపోయాడు. "ఈ గీత ఎవరు పెట్టారు?"

"అది పుట్టినప్పటి నుంచీ ఉంది."

"పాత గీతైతే లోపల కూడా నల్లబడాలి. ఇది తళతళలాడుతోంది. నిన్నో మొన్నో పడింది."

"నిన్న పొద్దున నేను చూసినప్పుడు లేదే!" అంది కోడలు. మిషనమ్మ ఆమె వైపు కొరకొరా చూసింది.

"ఈ గీత లేకపోతే మోటారు మిషను వచ్చేదా?" అడిగింది మిషనమ్మ.

"రెండొచ్చేవి. ఇప్పుడు సరదాకి దాచుకునేవాళ్లెవరైనా తీసుకుంటే తీసుకోవాలి. మహా అయితే దారపు ఉండలు కొనుక్కోవచ్చు."

ధర దించడానికి వేసే ఎత్తు! మిషనమ్మ నాణెం లాక్కుని, గీత ఉందో లేదో చూసుకుని, కొంగున ముడేసుకుని బయటపడింది. పక్క వీధిలో ఇంకో కొట్టు. అక్కడ కూర్చున్నావిడ భూతద్దం పెట్టగానే అడిగింది: "అయ్యో, ఈ గీత ఎవరు పెట్టారండీ?"

"ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకున్నారు" అంది మిషనమ్మ మెట్లు దిగుతూ. అయినా గొంతులో మునుపటి పదును లేదు.

ఇల్లు చేరాక కోడలు అడిగింది. "ఎవరు మారుస్తారని గీశారత్తయ్యా? అతనా, నేనా?"

"ఎవరైతేనేం! ఎవడూ మార్చలేదుగా. నాది నాకే వచ్చింది."

నాణేన్ని మళ్లీ గుండీల్లో పడేసి, మిషను ముందు కూర్చుని తొక్కబోయింది. మోకాలు కలుక్కుమంది. కోడలు వచ్చి కుర్చీ పట్టుకుంది. "లేవండి. తొక్కడం నా పని, కత్తిరించడం మీ పని. కూలి మీదే."

"ఊరికే చేస్తావా? నీకేం కావాలో ముందే చెప్పు."

"మీరు కాసేపు నోరు మూసుకుంటే చాలు."

మిషనమ్మ లేచింది. కోడలికి మొదటి జాకెట్టు గుడ్డ అందించబోయి ఆగింది. సూది తీసి, లోపలి అంచున ఎర్రదారంతో ముడి వేసి, అప్పుడు ఇచ్చింది.