వంకర తేలిన రాడ్

కరోనా సద్దుమణిగిన ఏడాది నన్ను గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ ఆస్పత్రికి సీనియర్ రేడియోగ్రాఫర్‌గా వేశారు. ఎముకల ఆపరేషన్ జరుగుతుండగానే లోపలి ఎముకను తెరమీద చూపించే సి-ఆర్మ్ మిషన్ నా చేతికింద ఉండేది. లైట్లు తగ్గించిన గదిలో, సీసపు ఏప్రాన్ బరువుతో నిలబడి, బూడిదరంగు వెలుగులో ఎముకలు తేలుతుంటే చూడటం నాకు భలే ఇష్టం. సగం నిద్రలో ఉన్నట్టే ఉండేది.

ఆ పొద్దు బల్లమీద లింగమ్మ. అమ్రాబాద్ అడవిలో చింతకాయ దులపబోయి, చెట్టు మీంచి జారిపడి తొడ విరగ్గొట్టుకుంది. నడుం కిందికే మత్తిచ్చారు, మనిషి మెలకువగానే ఉంది. "సారూ, బొక్క అతుకుతదా, మళ్ల గుట్ట ఎక్కుతనా?" అని ఒకటే అడుగుడు.

డాక్టర్ గారు విరిగిన ఎముక లోపలికి లోహపు రాడ్ దించారు. విరిగిన చోటును తెర నడుమ పెట్టి చూసినంతసేపు బాగానే ఉంది. పొడుగంతా చూపించేసరికి రాడ్ పాములా మెలిక తిరిగింది! వంగిన రాడ్‌ను ఉంచితే కాలు వంకరైతుంది. తీసి ఇంకోటి వేద్దామంటే మళ్లీ రక్తం పోతుంది, ఆమె ఒంట్లో అంత రక్తం లేదు. "తీసేద్దామా?" అన్నారాయన.

"జర ఆగున్రి సార్" అన్నాను. ఎప్పుడూ నా ఎదురుగా ఉండే గోడ గడియారం ఆ పొద్దు వీపు వెనక టిక్కుటిక్కుమంటోంది. అప్పుడు వెలిగింది. ఏసీ నీళ్లు కారుతున్నాయని పొద్దున బల్లనూ మిషన్‌నూ అడ్డంగా తిప్పారు. ఆ పాతరకం మిషన్‌లో బొమ్మను మోసే ఎలక్ట్రాన్లను భూమి అయస్కాంత శక్తి కాస్త మెలిపెడుతుంది. కంప్యూటర్ దాన్ని సరిదిద్దుతుంది గానీ, మిషన్‌ను ఏ దిక్కున పెట్టి నేర్పితే ఆ దిక్కుకే. దిక్కు మారితే దిద్దుబాటే తప్పవుతుంది.

డాక్టర్ గారి చేత తిన్నటి ఉక్కు వైరొకటి మిషన్‌కు తొడిగిన కవరు మీద పెట్టించాను. తెరమీద అదీ వంకర తిరిగింది. "అయితే తప్పు రాడ్‌ది కాదు" అని ఆయన ఊపిరి పీల్చుకున్నారు. గాయం కప్పించి, దిక్కు మారకుండా మిషన్‌ను పక్కకు లాగి, చిన్న ఉక్కు గుండ్లు వరుసగా పొదిగిన పలక తగిలించి బొమ్మ తీశాను. ఏ గుండు ఎక్కడుండాలో కంప్యూటర్‌కు తెలుసు. పక్కకు జరిగినవాటిని లాగి వరుసలో పెట్టింది. మిషన్‌ను మళ్లీ కాలి దగ్గరికి తెచ్చి చూస్తే రాడ్ గీత గీసినట్టుంది.

లింగమ్మ తెరవైపు తల తిప్పింది. "సక్కగ చేసింది ఏంది సారూ, నా బొక్కనా, బొమ్మనా?"

"బొమ్మనే అమ్మా. నీ బొక్క ఇందాకనే సక్కగుండె."

"గట్లయితే గింతసేపు నన్నెందుకు పరేషాన్ చేసిన్రు?"

గదంతా నవ్వింది. కొన్ని నెలల తర్వాత చూపించుకోవడానికి ఆమె కర్ర లేకుండా వచ్చింది.

రిటైరయ్యేదాకా, బల్ల కొంచెం జరిగినా సరే, పలక బొమ్మ తీయనిదే పేషెంటును లోపలికి రానివ్వలేదు. విసుక్కున్నవాళ్లకు ఒకటే చెప్పేవాణ్ణి, తెర వంకరను చూసి మనిషిని కోయొద్దని.