కేస్ షీట్‌లో రెండు లైన్లు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే విసుక్కుని లేచి వెళ్లిపోయే రకం నేను. ఊపిరితిత్తుల డాక్టర్ని. ఎక్స్‌రేలో కనపడనిది నా లెక్కలో లేనట్టే. అయినా ఇది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మాది కాకినాడ వైపు. అనంతపురంలో ఉద్యోగంలో చేరి అప్పటికి రెండు నెలలు. మడకశిర దగ్గరి పల్లె నుంచి మారెప్ప అనే గొర్రెల కాపరి ఆయాసంతో వార్డులో చేరాడు. యాభై దాటిన మనిషి. తోడుగా భార్య వచ్చింది.

ఆ వయసులో ఆస్తమాకీ, బీడీలు తాగి పాడైన ఊపిరితిత్తులకీ తేడా పట్టుకోవడం కష్టం. రెండింటిలోనూ అదే దగ్గు, అదే పిల్లికూత. గొట్టంలో ఊదించి చూసే పరీక్ష కూడా అటూ ఇటూ కాకుండా వచ్చింది. ఇక రోగి చెప్పేదే ఆధారం. కాస్త చనువుగా ఉంటుందని, "దమ్ము అలవాటుందా?" అని అడిగాను.

"ఉండాది సార్. పిల్లప్పటి నుంచీ ఉండాది."

చిన్నప్పటి నుంచి బీడీలు అని ఇంగ్లీషులో రాసుకున్నాను. ఇంటికెళ్లాక వాడుకోవడానికి బీడీ జబ్బుకిచ్చే ఇన్‌హేలర్ రాద్దామనుకున్నాను. స్టెరాయిడ్ లేని ఆ మందు ఒక్కటే ఆస్తమా ఉన్నవాడికి ఇస్తే ప్రాణం మీదికి రావచ్చు.

మారెప్ప ఇంజెక్షన్లతో తేరుకున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం పంపించేయాలి. ఆ పొద్దున్నుంచీ నా మనసు మనసులో లేదు. ఏదో మర్చిపోయానన్న గుబులు. టీ సగంలో వదిలేశాను. పని లేకపోయినా వార్డంతా నాలుగుసార్లు తిరిగాను. పాపం, నర్సు మీద ఊరికే కసురుకున్నాను. చివరికి డిశ్చార్జి రాద్దామని కేస్ షీట్ తీశాను.

నా ఇంగ్లీషు కింద తెలుగులో రెండు లైన్లున్నాయి.

"దమ్ము అంటే ఆయాసం, బీడీ కాదు. చెల్లెలు గంగమ్మ దీంతోనే పోయింది."

చేతిరాత నాదే. కానీ కేస్ షీట్‌లో నేనెప్పుడూ తెలుగు రాయను. దమ్ముకి ఇక్కడ ఆ అర్థం ఉందని కూడా నాకు తెలియదు. నర్సుకి చూపిస్తే, "మీ రాతే కద సార్" అంది.

మారెప్ప మంచం దగ్గరికి దాదాపు పరిగెత్తాను. బీడీలు తాగుతావా అని ఈసారి సూటిగా అడిగాను.

"బీడీ యాడిది సార్? ముట్టనే ముట్టను. దమ్మంటే ఊపిరాడదు సూడండి, అది."

మబ్బు పట్టినా, శనక్కాయల దుమ్ము తగిలినా వస్తుందట. మిగతా రోజుల్లో గొర్రెల వెంట గుట్టలెక్కుతాడట. అచ్చమైన ఆస్తమా. స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ రాశాను.

అక్కడితో ఊరుకోవలసింది. ఉండబట్టలేక, "గంగమ్మ ఎవరు?" అన్నాను.

"గంగమ్మ ఎవురు?" అని అతని భార్య కూడా అడిగింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఆ పేరే వినలేదు.

మారెప్ప తల దించుకున్నాడు. "నా చెల్లెలు సార్. గొర్రెల దొడ్డి కాడ దమ్మొచ్చి, ఇంటికి ఎత్తుకపొమ్మనింది. గొర్రెలు చెదిరిపోతాయని నేను లేయలేదు."

అలసటలో రాసి మర్చిపోయాననుకుందామన్నా, వినని పేరు ఎలా రాస్తాను?

ఎవరు చెప్పారని మారెప్ప నన్ను అడగలేదు. నా చేతిలోని కాగితం వైపు చూస్తూ, "గంగమ్మ ఇంగేమన్నా అనిందా సార్?" అన్నాడు.

మళ్లీ చూశాను. ఇంకేమీ లేదు. అయినా అతని కోసం కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను.