ఉప్పుగాలి తర్వాత ఏమైంది

ఫేస్‌బుక్ అంటే నాకు ఒళ్లు మంట అని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఫోన్ చేతిలోకి తీసుకుంటే చాలు సణుగుడు మొదలుపెడతానని మావారు ఏడిపిస్తూ ఉంటారు. ఏడిపించనివ్వండి. మా వదిన మొక్కలు ఎలా పోయాయో కళ్లారా చూసినదాన్ని నేను.

వదిన అంటే మా అన్నయ్య భార్య. మా ఒడిశా వైపు దిగపహండి దగ్గర పల్లెలో పొలం పనులు చేస్తూ పెరిగిన మనిషి. గోపాల్‌పూర్‌లో సముద్రం వైపు వెళ్లే రోడ్డు పక్కన ఖాళీ జాగా ఒకటి అద్దెకు తీసుకుని నర్సరీ పెట్టింది. మందారాలు, మల్లెలు, గులాబీలు, మామిడి అంట్లు. హోటళ్లవాళ్లు వచ్చి కుండీలు పట్టుకెళ్లేవారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఎవరో ఒకరి భార్యగా, ఎవరో ఒకరి తల్లిగా మాత్రమే తెలిసిన మనిషిని ఆ రోడ్డు మీద అందరూ "నర్సరీ మావుసీ" అని పిలిచేవారు. ఒడియాలో మావుసీ అంటే పిన్ని. ఆ పిలుపు వినపడగానే వదిన ముఖం చూడాలి! ఆ నర్సరీ పోతే మళ్లీ వంటింట్లోకే అని ఆవిడకు తెలుసు. నాకూ తెలుసు.

నాది బరంపురం లంజిపల్లిలో కాపురం, ఆఫీసు ఉద్యోగం, మేడ మీద కుండీలు. మొక్కల గురించి నాకు వచ్చిన నాలుగు ముక్కలూ ఒక ఫోరంలో నేర్చుకున్నవే. మన తీరప్రాంతపు తెలుగువాళ్ల కోసం బరంపురంలోనే ఒక పెద్దాయన నడిపేవాడు. రంగులూ హంగులూ లేని సైటు. కానీ అక్కడొక కట్టుబాటు ఉండేది. మీ మొక్కకు రోగమొచ్చిందని ప్రశ్న వేస్తే పదిమందీ సలహా చెప్పేవారు. కొన్నాళ్లకు మీరు తిరిగొచ్చి, అదే ప్రశ్న కింద "తర్వాత ఏమైంది" అన్న చోట ఫలితం రాయాలి. అది రాసేదాకా మీ రెండో ప్రశ్న తీసుకునేవాడు కాదు పెద్దాయన. మహా మొండివాడు.

ఒకసారి నా కరివేపాకు మొక్క చచ్చిపోయింది. సిగ్గుపడి రాయకుండా ఊరుకున్నాను. గులాబీ గురించి అడగబోతే ఆపేశాడు. "కరివేపాకు సంగతి తేల్చండమ్మా" అన్నాడు. చచ్చిపోయిందని రాశాను. "చాలా సంతోషం. ఎలా చచ్చిందో కూడా రాయండి, ఇంకొకరి మొక్క బతుకుతుంది" అని జవాబిచ్చాడు. ఆ రోజు బాగా తిట్టుకున్నాను ఆయన్ని. కానీ ఆ కట్టుబాటు వల్లే అక్కడ ఏ సలహా పనిచేసిందో, ఏది ముంచిందో ఎన్నేళ్ల తర్వాత వెతికినా దొరికేది.

తర్వాత అందరూ ఫేస్‌బుక్ గ్రూపుకు తరలిపోయారు. అక్కడైతే పువ్వు ఫొటో పెట్టిన నిమిషంలో లైకులు. ఫోరంలో పెద్దాయన ఒక్కడే మిగిలి, ఎవరైనా దారి తప్పి వస్తే జవాబులు రాస్తూ ఉండేవాడు. ఆయన పోయాడు. సైటుకు కట్టాల్సిన రుసుము ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు చూస్తే సైటు లేదు. అయ్యో అనుకున్నాం, గ్రూపులో ఆయన ఫొటోకు దండాలు పెట్టాం, అంతే.

ఆ ఏడు తుఫాను మన మీదికి రాకుండా పక్కకు తిరిగి పైకి వెళ్లిపోయింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ వాన పడకుండా సముద్రపు ఉప్పుగాలి ఒకటే కొట్టింది. గాలి ఆగి ఎండ కాసేసరికి వదిన నర్సరీలో సముద్రం వైపున్న ఆకులన్నీ పెనం మీద మాడినట్టు మాడిపోయాయి. ఫోన్ చేసి ఏడ్చింది. నేను సెలవు పెట్టి ఆటో ఎక్కి వెళ్లేసరికి, కత్తెర పట్టుకుని గులాబీల మొదలు దగ్గర కూర్చుని ఉంది. అప్పటికే సగం వరస మోళ్లు.

"కొయ్యకొదినా! ఎవులు సెప్పినారు నీకు?" అని అరిచాను.

"గ్రూపులో సెప్పినారు. ఈడియోలెట్టే తోటాయన ఒకడున్నాడు కదా, ఆయనా లైవులో సెప్పినాడు. కాలినవన్నీ మొదలంటా కోసీమన్నాడు, బలానికి ఎరువెయ్యమన్నాడు. నేకపోతే ఉప్పు మొక్క యేళ్లలోకి దిగిపోద్దంట."

ఉప్పుగాలి గురించి ఫోరంలో పెద్ద చర్చే జరిగింది, నేను చదివాను. కొయ్యొద్దు, ఎరువు వెయ్యొద్దు, మంచినీళ్లతో ఆకులు కడగాలి, మట్టిలోంచి ఉప్పు దిగిపోయేలా నీళ్లు పట్టాలి, చిగురొచ్చేదాకా ఆగాలి. అదే చెప్పాను.

"ఎన్నాళ్లాగాల?" అంది వదిన.

అది కూడా ఆ చర్చలో ఉంది. గోపాల్‌పూర్ ఆయనే ఎవరో తన తోట సంగతి రోజువారీగా రాశాడు. చదివినట్టు గుర్తుందిగానీ ఎన్నాళ్లో గుర్తు లేదు. వారమా, నెలా, మూడు నెలలా?

"సూపించు. ఎక్కడుందో సూపించు, నమ్ముతాను" అంది.

ఇంటర్నెట్‌లో పాత సైట్ల పేజీలు దాచిపెట్టే చోటు ఒకటుందని గుర్తొచ్చి, అక్కడే నిలబడి ఫోన్‌లో వెతికాను. ఫోరం మొదటి పేజీ దొరికింది. "ఉప్పుగాలి తర్వాత మొక్కలు" అన్న శీర్షికా కనబడింది! నొక్కితే లోపల ఖాళీ. శీర్షికలు మాత్రమే దాచారు, మాటలు దాచలేదు. మళ్లీ నొక్కాను, మళ్లీ ఖాళీ. ఆ క్షణంలో ఫోన్ సముద్రంలోకి విసిరేయాలనిపించింది.

వదిన నన్ను తిట్టలేదు. "నువ్వొక్కదానివి సెప్తన్నావు. అక్కడ అంతమంది సెప్తన్నారు. తప్పైతే నా బతుకే పోద్దమ్మా" అని మళ్లీ కత్తెర అందుకుంది. ఆవిడ చోట నేనున్నా అదే చేసేదాన్నేమో.

బతిమాలి బతిమాలి రేకుల షెడ్డు వెనకాల ఉన్న మందారాలు, మామిడి అంట్లు మాత్రం నాకు వదిలేయమన్నాను. "హౌ, నీ ఇష్టం" అంది విసుగ్గా. ఒడియాలో హౌ అంటే సరే. అక్కడి బోరు నీళ్లు ఉప్పన. అందుకని మంచినీళ్ల ట్యాంకరు తెప్పించి కడిగాను. తర్వాత ఆదివారం ఆదివారం వెళ్లి మట్టిని తడిపేదాన్ని. చూడ్డానికి అవి మోళ్లకంటే ఘోరంగా ఉండేవి, మాడిన ఆకులు వేలాడుతూ. కొనడానికొచ్చినవాళ్లు చూసి వెనక్కి తిరిగేవారు.

ఇంచుమించు నెలన్నరకు షెడ్డు వెనక మందారానికి చిగురొచ్చింది. ఆ తర్వాత మామిడికి. కోసి ఎరువు వేసినవి అప్పటికే పుల్లల్లా విరిగిపోతున్నాయి. వదిన ఆ చిగురు దగ్గర కూర్చుని మాడిన ఆకులు ఒక్కొక్కటే ఏరింది. నా మాటే నిజమైందని సంతోషించలేకపోయాను.

జరిగింది జరిగినట్టు గ్రూపులో రాశాను. చచ్చినవాటి పక్కనా చిగురించినవాటి పక్కనా వదిన నిలబడ్డ ఫొటోలు పెట్టాను. దండాలు, పువ్వులు, "సూపర్ మేడమ్"లు వచ్చాయి. ఒకావిడ వదిన చీర ఎక్కడ కొన్నారని అడిగింది. మర్నాటికి నా రాత ఎక్కడో కిందికి పోయింది. కొన్నాళ్లకు సోంపేట వైపు నుంచి ఎవరో మాడిన గులాబీల ఫొటో పెట్టి ఏం చేయాలని అడిగారు. నా రాత కోసం నేనే వెతికాను, నాకే దొరకలేదు. మళ్లీ మొత్తం టైపు చేసి పెట్టేలోగా అవతలివాళ్లు "థాంక్స్ అండీ, కోసేశాం" అని రాశారు.

మిగిలిన మొక్కలతో నర్సరీ నడవలేదు. జాగా ఖాళీ చేసే రోజు వెళ్లాను. షెడ్డు పక్క నీళ్లతొట్టి గోడ ముందు వదిన నిలబడి ఉంది, చేతిలో కుండీలకు వేయగా మిగిలిన నీలం రంగు డబ్బా.

"మీ పెద్దాయన రాయించేవోడు కదా, అలగ ఈ గోడ మీద రాయి" అంది.

"ఇక్కడ హోటల్ బండ్లు పెడతారంట కదొదినా. ఎవులు సూస్తారు?"

"ఆ డ్రైవర్లలో ఎవులింట్లోనూ మొక్కలుండవేటి? నువ్వు రాయి. తెలుగూ ఒడియా, రెండు భాషల్లోనూ రాయి."

ఆవిడ చెబుతూ ఉంటే రాశాను. ఉప్పుగాలి కొడితే కొయ్యకండి. ఎరువు వెయ్యకండి. మంచినీళ్లతో కడగండి. నెలన్నర ఆగండి. కింద "తర్వాత ఏమైంది" అని రాసి ఆవిడ వైపు చూశాను.

"ఆగినవి బతికినాయి. కోసినవి సచ్చిపోనాయి" అంది వదిన. రాశాను. బ్రష్షు డబ్బాలో పెట్టబోతుంటే నా చేయి పట్టుకుని ఆపింది.

"నర్సరీ కూడా పోనాదని రాయి."

"అదెందుకొదినా?" అన్నాను.

"రాయమ్మా" అంది. రాశాను.