జేబు కింద రంగు

దంతెవాడ నుంచి కోంటా వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఒడిలో ఒక తెల్లటి చొక్కా ఉంది. సిగ్నల్ రావట్లేదని నేను ఫోన్‌ని తిట్టుకుంటుంటే ఆమే మాట కలిపింది.

"ఇది అడవిల పొద మీద దొరికిందంట బిడ్డా. నెలల సంది కనపడకుండ పోయిన నా కొడుకుదేనంట. వానికి దినం చెయ్యమని ఊరోళ్లు ఒకటే పోరు. వాంది నీలం అంగీ. ఇది తెల్లగున్నది గదా? మరైగూడల కోడలికి చూపియ్యబోతున్న."

నాకు ఒళ్లు మండింది. "అన్ని నెలలు ఎండలో పడుంటే నీలం తెల్లబడదా పెద్దమ్మా? గుడ్డకి పట్టిన రంగుని ఎండే పోగొట్టేస్తుంది. ఎండ తగలని చోట మిగిలే ఉంటుంది. జేబు లోపల చూడు!"

ఆమె చొక్కాని దగ్గరికి లాక్కుంది. బయట చీకటి పడుతోంది. అయినా నేను ఊరుకోలేదు, ఫోన్ లైటు వేసి చొక్కా మీదికి వంగాను.

జేబు మూతి ఈ చివర నుంచి ఆ చివర దాకా కొత్త దారంతో కుట్టేసి ఉంది.

"నేనే కుట్టిన," అందామె నా చెయ్యి పక్కకి తోస్తూ. "కోడలు లోపల చూస్తదని."